విజిల్ పిల్లల చేతికి ఇచ్చాక: బడి ఆటలపై ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఆటల పోటీలు నడిపే పనిలో విద్యార్థులకు ఏం అప్పగించాలి, ఎంతవరకు అప్పగించాలి అన్నదే ఆ విషయం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బడిలో ఆటల పోటీలకు ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి నలభై మంది వాలంటీర్లుగా పేర్లు ఇస్తారు. పొద్దున అందరూ ఉంటారు. మధ్యాహ్నానికి పదిమంది కూడా కనిపించరు. ఉన్నవాళ్లేమో "సార్, ఇప్పుడేం చెయ్యాలి?" అంటూ నా వెనకే తిరుగుతారు. వీళ్లను నిలబెట్టేదెలా?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

జవాబు: నలభై మంది ఉన్నారు గానీ నలభై పనులు లేవు, చిక్కంతా అక్కడే. కుర్చీలు వెయ్యడం, సున్నంతో గీతలు గియ్యడం, మైకు పెట్టించడం పోటీలు మొదలవ్వక ముందే అయిపోతాయి. ఆ తర్వాత పిల్లల దగ్గర బ్యాడ్జి తప్ప పనేమీ మిగలదు. అందుకని పేర్లు అడిగే ముందే ఏ ఈవెంటుకు ఎంతమంది కావాలో లెక్క వేసుకోండి.

లాంగ్‌జంప్ తీసుకుందాం. ఏడుగురు ఉంటే పిట్ దగ్గర మీరు నిలబడక్కర్లేదు, కంటికి కనిపించే దూరంలో ఉంటే చాలు. ఒకరు పేర్లు పిలవాలి. దూకాల్సినవారి పేరుతో పాటు తర్వాత ఎవరో కూడా అప్పుడే చెప్పాలి, లేదంటే ప్రతిసారీ వెతుకులాటే. ఇంకొకరు టేకాఫ్ బోర్డు పక్కన కూర్చుని, కాలు గీత దాటకపోతే తెల్ల జెండా, దాటితే ఎర్ర జెండా ఎత్తాలి. టేపుకు ఇద్దరు, రాయడానికి ఒకరు, ఇసుక చదును చెయ్యడానికి ఇద్దరు.

ఇక్కడ జరిగే పొరపాట్లు ప్రతి బడిలోనూ ఇంచుమించు ఇవే. దూకిన అమ్మాయి వెనక్కి తూలి చెయ్యి ఆనిస్తుంది, కొలిచేవాళ్లు మడమ గుర్తు దగ్గర టేపు పెడతారు. అది తప్పు. బోర్డుకు అన్నిటికన్నా దగ్గరగా ఇసుక ఎక్కడ చెదిరిందో అక్కడి నుంచి కొలవాలి, అది చెయ్యి పడిన చోటైనా సరే, నడుము ఆనిన చోటైనా సరే. టేపును ఏటవాలుగా లాగితే దూరం ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అది టేకాఫ్ గీతకు లంబంగా ఉండాలి. సున్నా ఉన్న కొసను ఇసుకలోని గుర్తు దగ్గర పెడితే అంకె చదివేది బోర్డు వైపు, రాసేవాళ్ల పక్కనే అవుతుంది. సెంటీమీటరులో ముక్కలు వస్తే వదిలెయ్యాలి: 4.567 మీటర్లు వస్తే రాసేది 4.56. రాసినవాళ్లు అంకెను పైకి తిరిగి చదివాకే టేపు ఎత్తాలి. "అయింది" అన్న మాట వినపడేదాకా ఇసుకలో రేక్ పెట్టకూడదు. తొందరపడి ఒక్కసారి ఇసుక సర్దేస్తే ఆ జంప్‌కు ఇక సాక్ష్యం ఉండదు. ఖాళీగా ఉన్నప్పుడు రేక్ పళ్లు నేలవైపే ఉండాలి, అదీ పిట్‌కు దూరంగా.

షాట్‌పుట్ దగ్గర ఒక విషయంలో రాజీ లేదు. గుండును చేత్తో మోసుకునే వెనక్కి తేవాలి. విసరడం, దొర్లించడం రెండూ వద్దు. గుర్తు పెట్టేవాళ్లు గుండు నేల తాకేదాకా సెక్టర్ (గుండు పడాల్సిన, రెండు గీతల మధ్య చోటు) బయటే, ముఖం విసిరేవాళ్లు నిలబడే వృత్తం వైపే ఉంచి నిలబడాలి. సెక్టర్ గియ్యడం కూడా ముందురోజు పిల్లలకే వదిలెయ్యొచ్చు. కోణం 34.92 డిగ్రీలు అంటే బెదిరిపోతారు గానీ, వృత్త కేంద్రం నుంచి రెండు గీతల మీదా 10 మీటర్లు కొలిచి, ఆ రెండు బిందువుల మధ్య ఎడం 6 మీటర్లు ఉండేలా చూసుకుంటే కోణం కుదిరినట్టే.

ఇలా లెక్క వేస్తే నలభై మంది సరిపోరని మీకే తెలుస్తుంది. గంటన్నరకు ఒక షిఫ్టు పెట్టండి. పోటీల్లో కూడా దిగే పిల్లల ఈవెంట్లు ఏ సమయానికో ముందే చూసి వాళ్లకు వేరే షిఫ్టు ఇవ్వండి, మధ్యాహ్నం మాయమయ్యేవాళ్లలో సగం మంది వీళ్లే. ప్రతి జట్టుకూ ఒక అట్టముక్క ఇవ్వండి. అందులో ఎవరెవరు, ఏ సామాను, ఎప్పటిదాకా అన్నవి ఎలాగూ ఉంటాయి. అసలు కావలసినవి ఇంకో రెండు వరుసలు: "మీరే తేల్చేవి", "సార్‌ను పిలవాల్సినవి". లాంగ్‌జంప్‌లో ఫౌలా కాదా అన్నది మొదటి వరుసలోకి, గాయం, అభ్యంతరం, వాన రెండో వరుసలోకి వస్తాయి. మొదటి వరుస ఖాళీగా ఉంటే మీరు అప్పగించింది చాకిరీ మాత్రమే. పిల్లలకు ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. వంద మీటర్ల పరుగులో టైమ్ చూసే పని నాకూ నా ఫ్రెండ్‌కూ ఇచ్చారు. మొదట వచ్చిన అమ్మాయికి నా వాచీలో 14.1, తన వాచీలో 14.4 వచ్చింది. ఇద్దరం సరిగ్గానే నొక్కాం. తప్పు ఎవరిది?

జవాబు: తేడా సరిగ్గా 0.3 సెకండ్లు కాబట్టి అనుమానం నీ మీదికే వస్తోంది. నువ్వు చప్పుడు విని నొక్కి ఉంటావు, నీ ఫ్రెండ్ చూసి నొక్కి ఉంటుంది. శబ్దం సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నువ్వు నిలబడింది ముగింపు గీత దగ్గర, తుపాకీ పేలింది వంద మీటర్ల అవతల. ఆ చప్పుడు నీ చెవిన పడేసరికి దాదాపు 0.3 సెకండ్లు గడిచిపోతాయి, నీ వాచీ అంత ఆలస్యంగా మొదలవుతుంది, టైమ్ అంత తక్కువ చూపిస్తుంది. అందుకే తుపాకీ పొగను గానీ మెరుపును గానీ చూసి నొక్కాలని నియమం. చెక్క చప్పటలు వాడితే రెండు చెక్కలూ కలుసుకున్న క్షణాన్ని చూడు. స్టార్టర్ (పరుగు మొదలుపెట్టించేవారు) వెనక ముదురు రంగు గుడ్డ ఒకటి కట్టమని మీ సార్‌ను అడుగు, పొగ స్పష్టంగా కనిపిస్తుంది.

ముగింపు దగ్గర ఇంకో తిరకాసు ఉంది. తల, మెడ, చేతులు, కాళ్లు లెక్కలోకి రావు. మొండెం గీత అంచును చేరినప్పుడే ఆపాలి. పరుగెత్తే అమ్మాయినే చూస్తూ ఉంటే వేలు ముందే జారుతుంది. ఆఖరి పది మీటర్లలో చూపు గీత మీద నిలిపి, ఆమె ఆ చూపులోకి వచ్చేదాకా ఆగు. నిలబడేది గీతకు సరిగ్గా ఎదురుగా, ట్రాక్ బయటి అంచుకు కనీసం ఐదు మీటర్ల ఎడంలో. మరీ దగ్గరగా నిలబడితే చివరి లేన్‌లోని వాళ్లు మిగతావాళ్లను కప్పేస్తారు.

చేతి వాచీలో వందో వంతులు కనిపించినా రాసేది పదో వంతే, అదీ పైకి జరిపి: 14.32 వస్తే 14.4. సరిగ్గా 14.30 అయితే మాత్రం 14.3. ఒకే స్థానానికి మూడు వాచీలు పెట్టి రెండు ఒకటే చూపిస్తే అదే అధికారిక సమయం. మూడూ మూడు రకాలుగా ఉంటే మధ్యది తీసుకోవాలి. మీలాగా రెండే ఉండి తేడా వస్తే, ఎక్కువగా ఉన్నదే లెక్క. కాబట్టి ఆ అమ్మాయి సమయం 14.4.

చీటీ రాసి ఇచ్చేదాకా పక్కవాళ్లకు ఎంత వచ్చిందని అడగకు. అడిగితే నీకు తెలియకుండానే నీ అంకె వాళ్ల వైపు జరుగుతుంది. ముఖ్య టైమ్‌కీపర్ చెప్పేదాకా వాచీని సున్నాకు తేవద్దు. ఫోన్ స్టాప్‌వాచ్ మాత్రం వాడకు. అద్దం మీద వేలు ఎప్పుడు ఆనిందో చూస్తే తప్ప తెలియదు, నీ చూపేమో గీత మీద ఉండాలి.

ప్రశ్న: వాలీబాల్ ఫైనల్లో మా ఎనిమిదో తరగతి అమ్మాయి లైన్ అంపైర్. బంతి అవుట్ అని జెండా ఎత్తింది. పదో తరగతి కెప్టెన్ మీదికి వచ్చి అరిచేశాడు. ఆ పిల్ల జెండా దించేసింది, ఇక ఈ పనికి రానంటోంది. మేం ఎక్కడ తప్పు చేశాం?
– క్లాస్ టీచర్

జవాబు: ఫైనల్‌తో మొదలుపెట్టడమే తప్పు. రెండేళ్లు పెద్ద అయిన పిల్లల మ్యాచ్‌లో, అదీ గెలుపోటములు తేలే చోట, అలవాటు లేని అమ్మాయిని నిలబెట్టారు. లైన్ దగ్గర నిలబడటం ముందు ఆటల పీరియడ్‌లో, ఆరో తరగతి మ్యాచ్‌ల్లో అలవాటు కావాలి. సొంత తరగతి ఆడే మ్యాచ్ ఎవరికీ ఇవ్వొద్దు. తీర్పు సరిగ్గా ఇచ్చినా నమ్మేవాళ్లుండరు.

సంకేతాలు గట్టిగా రావాలి. బంతి లోపల పడితే జెండా కిందికి, బయట పడితే నిలువుగా పైకి. ఎవరి చేతికైనా తగిలి బయటికి పోతే జెండా ఎత్తి, రెండో అరచేతిని దాని కొన మీద ఆనించాలి. గీతను బంతి ఏ కాస్త తాకినా లోపలే. జెండాను సగం ఎత్తి ఆపడం వల్లనే గొడవలు పుడతాయి, తప్పు తీర్పు కూడా అంత గొడవ తేదు. కనపడకపోతే కనపడలేదని చెప్పే సంకేతమూ ఉంది: రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోవాలి. ఇది ముందే నేర్పితే పిల్లలు ఊహించి జెండా ఎత్తరు.

ఆటలో ఉన్న కెప్టెన్ మాత్రమే, బంతి ఆటలో లేనప్పుడు, మొదటి రిఫరీని మాత్రమే అడగాలని మ్యాచ్‌కు ముందు రెండు జట్లనూ నిలబెట్టి చెప్పండి. లైన్ అంపైర్‌తో ఎవరూ మాట్లాడకూడదు. దాటితే మొదటిసారి హెచ్చరిక, మళ్లీ జరిగితే అవతలి జట్టుకు పాయింటు. ఇవన్నీ చెప్పి ఊరుకోవడం కాదు, మొదటి మ్యాచ్‌లోనే అమలు చెయ్యాలి. మరో మాట, ఇది మీకు కాస్త కష్టంగా ఉండొచ్చు: పిల్ల తీర్పు తప్పని మీకు అనిపించినా గట్టు మీద నుంచి మార్చకండి. రిఫరీకి ఆ అధికారం ఉంది, మీకు లేదు. మ్యాచ్ అయ్యాక ఆమెను పక్కకు పిలిచి, బంతి పడినప్పుడు తాను ఎక్కడ నిలబడి ఉందో అడగండి. చాలాసార్లు లోపం చూపులో ఉండదు, నిలబడిన చోటులో ఉంటుంది. గీతకు సూటిగా, మూలకు ఒకటి నుంచి మూడు మీటర్ల వెనక ఉండాలి.

ఆ కెప్టెన్ సంగతికొస్తే, క్షమాపణ చెప్పించి వదిలెయ్యకండి. వచ్చే వారం చిన్న తరగతుల మ్యాచ్ ఒకదానికి జెండా అతని చేతికివ్వండి.

ప్రశ్న: మా బడిలో మగపిల్లలకు విజిల్, ఆడపిల్లలకు స్కోర్ పుస్తకం. ప్రతిసారీ ఇంతే. "మీ చేతిరాత బాగుంటుంది కదమ్మా" అంటారు. అడిగితే బాగుంటుందా?
– పదో తరగతి విద్యార్థిని

జవాబు: తప్పకుండా అడుగు. చేతిరాత బాగుండటం విజిల్‌కు అనర్హత కాదు. "నెలకోసారి అందరం పనులు మార్చుకుంటాం, మొదటి పట్టిక నేను రాసి తెస్తాను మేడమ్" అని కాగితంతో వెళ్లు. ఫిర్యాదు కన్నా పట్టిక త్వరగా పని చేస్తుంది.

అలాగని స్కోరింగ్ చిన్న పని అనుకోవద్దు. వాలీబాల్‌లో సర్వీస్ వరుస సరిగ్గా ఉందో లేదో పట్టుకునేది స్కోరరే. తప్పు ఆటగాడు సర్వీస్ చేస్తే బంతిని కొట్టిన వెంటనే చెప్పాలి. కొట్టక ముందే చెబితే ఒక జట్టుకు సాయం చేసినట్టవుతుంది. కబడ్డీలో అవుటైన ఆటగాళ్లు ఏ వరుసలో బయటికి వెళ్లారో అదే వరుసలో తిరిగి లోపలికి రావాలి. ఆ వరుస రాసుకునే సహాయ స్కోరర్ ఒక్క పేరు తారుమారు చేస్తే, అవతల కూర్చోవాల్సిన మంచి రైడర్ ముందే కోర్టులోకి వచ్చేస్తాడు. రైడ్‌కు ఉన్న 30 సెకండ్లు చూసేవాళ్లు కూడా వేరే ఉండాలి, రాస్తున్న చేత్తోనే వాచీ చూడటం కుదరదు. విజిల్ పట్టిన అబ్బాయిల్లో ఎంతమంది ఈ పని తప్పు లేకుండా చెయ్యగలరో ఒకసారి మార్చి చూడమను.

ప్రశ్న: స్పోర్ట్స్ కెప్టెన్‌ను ఓట్లతో ఎన్నుకోవాలా, మేమే నియమించాలా?

జవాబు: ఓట్లు మాత్రమే అయితే సందడి చేసేవాడు గెలుస్తాడు. నియామకం మాత్రమే అయితే బాగా ఆడేవాడికి పోతుంది. బాగా ఆడేవాడు తన ఈవెంట్ల హడావుడిలోనే ఉంటాడు, పైగా ఓడిన జట్టును ఓదార్చే పని అతనికి తట్టదు. ఆరేడు వారాల పాటు ఆరేడుగురికి వంతులవారీగా ఒక్కో వారం బాధ్యత ఇవ్వండి: సామాను లెక్క, వార్మప్ నడపడం, హాజరు. తమ వారం పూర్తి చేసినవాళ్లే ఓటింగ్‌లో పోటీకి నిలబడటానికి అర్హులు. పదవీకాలం ఒక టర్మ్ చాలు, ఏడాది పొడవునా వద్దు. ఇద్దరిని సమాన హోదాలో పెట్టండి, పరీక్షలప్పుడు ఒకరు తప్పుకున్నా పని ఆగదు.

ప్రశ్న: మా అమ్మాయి ఏ జట్టులోకీ ఎంపిక కాలేదు. కానీ సాయంత్రాలు చిన్నపిల్లలతో ఆడించడానికి వాలంటీరుగా ఉంటానంటోంది. చదువు పాడవదా?
– ఒక తల్లి

జవాబు: వారానికి ఒక సాయంత్రం, గంట మించకుండా అయితే పాడవదండీ. రోజూ రమ్మంటే మాత్రం మీరు వద్దనండి, వద్దనడం మీ హక్కు. ఎంపిక కానివారికి ఇచ్చే సముదాయింపు బహుమతిలా కాకుండా పనిలా ఉందో లేదో చూడండి. ఆమెకు ఎవరు నేర్పుతున్నారు, అక్కడ పెద్దవాళ్లు ఎవరుంటారు అన్న రెండు ప్రశ్నలకూ బడి దగ్గర జవాబు ఉండాలి.

ప్రశ్న: పెద్ద తరగతుల పిల్లలు మూడు, నాలుగు తరగతుల వాళ్లను ఆడిస్తే రెండు నిమిషాల్లో గోల. నడపడానికి పద్ధతి ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. అరగంట చాలు, అంతకు మించి సాగదియ్యకండి. ఇరవై నాలుగు మంది చిన్నవాళ్లకు నలుగురు పెద్దవాళ్లు, ఆరుగురికి ఒకరు చొప్పున. ఐదు నిమిషాలు వార్మప్, ఇరవై నిమిషాల్లో రెండు ఆటలు, ఐదు నిమిషాలు చల్లబడటం, సామాను సర్దడం.

గోల ఎందుకు పుడుతుందో చూస్తే, ఎక్కువసార్లు కారణం వరుసే. పన్నెండు మంది ఒక్క బంతి కోసం నిలబడితే పదకొండు మందికి అల్లరే పని. ముగ్గురికి ఒక బంతి ఉండాలి, లేకపోతే ఆట మార్చాలి. రెండో కారణం మాటలు ఎక్కువ కావడం. నియమాలన్నీ ముందే చెప్పకుండా ఒక్కటి చెప్పి ఆడించి, ఆపి, ఇంకొకటి చేర్చాలి. చెప్పేటప్పుడు ఎండ పెద్దవాళ్ల కళ్లలో పడాలి, చిన్నవాళ్ల కళ్లలో కాదు. ఆపే సంకేతం ఒక్కటే ఉండాలి, దాన్ని మొదటి నిమిషంలోనే రెండుసార్లు సాధన చేయించాలి.

ఇద్దరు నాయకులు నిలబడి "నువ్వు రా, నువ్వు రా" అని ఏరుకునే పద్ధతి మానిపించండి. ఆఖరికి మిగిలే పిల్ల ప్రతిసారీ ఒకతే అవుతుంది. ఒకట్లు, రెండ్లు లెక్కపెట్టి జట్లు చెయ్యండి. ఆట కుదరనప్పుడు మార్చగలిగినవి నాలుగు: స్థలం, పని, సామాను, మనుషులు. వలయం చిన్నది చెయ్యొచ్చు, రెండు చేతులతో పట్టుకోవచ్చనొచ్చు, మెత్తటి పెద్ద బంతి ఇవ్వొచ్చు, ఐదుగురికి ఎదురు ముగ్గురిని పెట్టొచ్చు. నడవలేని పిల్ల ఉంటే ఆమెను స్కోర్ బల్ల దగ్గరికి పంపేముందు అందరినీ నేల మీద కూర్చోబెట్టి ఆడించి చూడండి. కూర్చుని ఆడే వాలీబాల్ పారాలింపిక్స్‌లో ఉన్న ఆటే. దాని కోర్టు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. చిన్నపిల్లలకు ఇంకా తగ్గించి, నెట్ బదులు తాడు కడితే సరి.

ప్రశ్న: దెబ్బ తగిలితే విద్యార్థి వాలంటీరు ఏం చెయ్యొచ్చు?

జవాబు: ఆట ఆపించి, పెద్దవాళ్లను పిలిపించి, గుమిగూడినవాళ్లను వెనక్కి పంపాలి. ఈ మూడూ ఎవరైనా చెయ్యగలరు. ముక్కు నుంచి రక్తం వస్తే కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కించాలి. తల వెనక్కి వాల్చితే రక్తం గొంతులోకి పోతుంది. చీలమండ బెణికితే ఐస్‌ను గుడ్డలో చుట్టి పెట్టాలి, చర్మం మీద నేరుగా వద్దు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు మించొద్దు. తలకు దెబ్బ తగిలి తికమకగా మాట్లాడినా, తల తిరుగుతోందన్నా ఆ రోజుకు ఆట లేనట్టే. "బాగానే ఉన్నాను సార్" అన్న మాట నమ్మకూడదు, డాక్టరుకు చూపించాలి. మెడకు దెబ్బ అనుకుంటే కదపనే వద్దు. మాత్రలు ఇవ్వడం, ఎముక సర్దడం వాలంటీరు పని కాదు.

ప్రశ్న: ఏడు తరగతుల జట్లు, ఒకే కబడ్డీ కోర్టు, ఒకే రోజు. షెడ్యూల్ వేసే పని మాకే ఇచ్చారు. అందరూ అందరితో ఆడాలంటున్నారు. సాధ్యమేనా?
– తొమ్మిదో తరగతి క్రీడా కమిటీ

జవాబు: ఒక్క రోజులో సాధ్యం కాదు. ఏడును ఆరుతో గుణించి సగం చెయ్యండి: 21 మ్యాచ్‌లు. పదిహేను నిమిషాల అర్ధభాగాలు రెండు, విరామం, జట్లు మారే సమయం కలిపి మ్యాచ్‌కు 40 నిమిషాలు వేసినా 14 గంటలు. నాకౌట్ అయితే ఆరు మ్యాచ్‌లే, ఒక జట్టుకు బై (మొదటి రౌండు ఆడకుండానే ముందుకు వెళ్లడం). కానీ కనీసం మూడు జట్లు ఒక్క మ్యాచ్‌తోనే ఇంటికి పోతాయి.

మధ్యే మార్గం పట్టండి. చీటీలు వేసి నాలుగు జట్లు ఒక గ్రూపు, మూడు జట్లు ఒక గ్రూపు చెయ్యండి. మొదటిదానిలో 6, రెండోదానిలో 3, తర్వాత రెండు సెమీఫైనల్స్, ఒక ఫైనల్: మొత్తం 12. అర్ధభాగాన్ని పది నిమిషాలకు తగ్గించి మ్యాచ్‌కు అరగంట పెడితే ఆరు గంటల్లో అయిపోతుంది. ప్రతి జట్టుకూ కనీసం రెండు మ్యాచ్‌లు దక్కుతాయి. నాలుగు జట్ల గ్రూపు వరుస ఇలా వెయ్యండి: 1–4, 2–3, 1–3, 4–2, 1–2, 3–4. ప్రతి రెండు మ్యాచ్‌ల తర్వాత రెండో గ్రూపు మ్యాచ్ ఒకటి దూర్చితే గ్రూపు దశలో ఏ జట్టూ వెంటవెంటనే ఆడాల్సిన పని ఉండదు. సమానమైతే ఎవరు ముందో (పాయింట్ల తేడానా, వాళ్లిద్దరి మ్యాచ్ ఫలితమా) మొదటి విజిల్‌కు ముందే రాసి, ఏడుగురు కెప్టెన్లతో సంతకం చేయించి, కోర్టు పక్కన అంటించండి.